వాసన తెలియని పిల్లలు

నమోదు 1 – సోమవారం

బాయిలరు లోపల గట్టిపడిన ఉప్పు పొలుసు గీకడంతోనే ఇవాళ్టి షిఫ్టంతా సరిపోయింది. పని ముగిశాక గోడలోని మైకు ముందు నిలబడి, ఒత్తిడి ఎంతుందో, నీటి మట్టం ఎలా ఉందో చెప్పి వచ్చాను. అది ప్లాంటు కోసం. ఇది నా కోసం. ఇంటికి తీసుకెళ్లే పంటు పడవ మీద ఒక మూల కూర్చుని మాట్లాడుకుంటాను. మణికట్టు పట్టీ నా మాటల్ని రాతగా మార్చి దాచుకుంటుంది.

నా పేరు నూకరత్నం. పాత ఉప్పాడ రోడ్డును సముద్రం మింగేశాక, నీళ్లలో స్తంభాలు పాతి కట్టిన చేపపొడి ప్లాంటులో పని చేస్తున్నాను. నా తమ్ముడు వీరబాబు కూడా ఇక్కడే పనిచేసేవాడు. వాడు పోయి నేటికి సరిగ్గా ఏడాది.

చేపల వ్యర్థాలు నిలవచేసే తొట్టిని కడగడానికి ఆ రోజు వాడితో పాటు రోజుకూలీకి వచ్చిన నలుగురు దిగారు. అడుగున ఏదో వాయువు ఊరింది. కుళ్లిన కోడిగుడ్డు వాసన రాగానే నలుగురు నిచ్చెన పట్టుకుని పైకి వచ్చేశారు. వీరబాబు మాత్రం, "ఎక్కడికిరా? ఇంకా ఆ మూల మిగిలిపోయింది కదా," అంటూ చీపురు పట్టుకుని లోపలికే వెళ్లాడట. హెచ్చరించాల్సిన యంత్రం అప్పటికే పాడైపోయి ఉంది. కానీ విచారణలో తేల్చింది ఒక్కటే. నలుగురూ బయటికి వచ్చినప్పుడు రాకపోవడం వాడి నిర్లక్ష్యమని.

నిర్లక్ష్యం కాదని నాకు తెలుసు. వాడికీ నాకూ చిన్నప్పటి నుంచి వాసనలు తెలియవు. మాది జలుబు ఒళ్లని అమ్మ అనేది. ఆ మాటే విచారణలో చెబితే, "వాసన రానివాడు తొట్టిలోకి ఎందుకు దిగాడమ్మా?" అని నన్నే అడిగారు.

ఇవాళ వాడి పేరు మీద అమ్మ మెత్తళ్ల పులుసు చేసింది. నేను ఇంకో చెంచాడు కారం కలుపుకుంటుంటే ఊరికే చూస్తూ ఉండిపోయింది. వాడూ అలాగే తినేవాడు. మా నాలుకకు కారం, ఉప్పు, పులుపు తప్ప మరేమీ పెద్దగా తెలియవు.

వచ్చే ఆదివారం కాకినాడ రమ్మని అంకుర నిధి వాళ్ల నుంచి కబురు వచ్చింది. నిధి ముప్పై ఏళ్ల పండుగలో నిధి పిల్లలందరినీ వేదిక మీద నిలబెడతారట. పండుగకు ఇంకా మూడు నాలుగు నెలలుంది, ఆదివారం పిలిచింది మొదటి సాధనకట.

నమోదు 2 – ఆదివారం

అమ్మా నాన్నల రక్తంలో ఒకే దోషం ఉండేది. నాకంటే ముందు పుట్టిన అన్నయ్య నెలనెలా రక్తం ఎక్కించుకుంటూనే నాలుగేళ్లు బతికి పోయాడు. ఆ తర్వాత విశ్వంభరరావు గారు అంకుర నిధి పెట్టారు. తీరం పొడవునా ఉన్న చేపపొడి ప్లాంట్లన్నీ ఆయనవే. అలాంటి దంపతుల పిండాలను ప్రయోగశాలలో పరీక్షించి, రక్తదోషం దిద్ది, ఆరోగ్యంగా ఉన్నదాన్ని తల్లి గర్భంలో పెట్టే పరిజ్ఞానానికి ఆయన డబ్బు పోశారు. తల్లిదండ్రులు పైసా ఇవ్వనక్కర్లేదు. పైగా పుట్టిన పిల్లలకు ప్లాంట్లలో ఉద్యోగం ఖాయం. నేనూ, వీరబాబూ అలా పుట్టాం. మా ఇంట్లో దేవుడి అరలో విశ్వంభరరావు గారి ఫొటో ఉంటుంది.

ఇవాళ హాల్లో నిధి పిల్లలం నూట ఇరవై మంది దాకా చేరాం. ప్లాంటుకు ఒకరిద్దరుగా తీరమంతా పంచారు కాబట్టి, ఇంతమందిని ఒక్కచోట చూడటం ఇదే మొదటిసారి. మమ్మల్ని ఎత్తుల వారీగా నిలబెట్టారు, పాట నేర్పారు, మధ్యాహ్నం పులిహోర పెట్టారు. మేం తింటూ ఉండగా వంటవాళ్లు ఒక్కొక్కరే పమిట చెంగులు ముక్కుకు అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టారు. కాసేపటికి నిర్వాహకులు లేచి బయటికి పరుగెత్తారు. మాతో వచ్చిన అమ్మానాన్నలు కూడా. ఒకావిడ గుమ్మంలోనే వాంతి చేసుకుంది.

"వేదిక కింద పందికొక్కు చచ్చిందండి! అబ్బ, ఏం కంపు బాబోయ్!" అని ఎవరో అరిచారు.

హాలు ఖాళీ అయింది. మేం మాత్రం కూర్చునే ఉన్నాం. నూట ఇరవై మందీ. చేతుల్లో పులిహోర, నోట్లో ముద్ద. నేను ఎదురుగా ఉన్నవాడి ముఖం చూశాను. వాడు పక్కనున్న అమ్మాయిని చూశాడు. చూపులు ఒక వరుస నుంచి ఇంకో వరుసకు పాకాయి. నమలడం ఆగిపోయింది.

నా పక్కనున్న బక్కపలచని మనిషి మెల్లగా అన్నాడు. "నాకొక్కడికే అనుకున్నానండి ఇన్నాళ్లూ."

"మా ఇంట్లో మా ఇద్దరికే అనుకున్నాను నేను," అన్నాను.

అతని పేరు కృపావరం. నిధి ప్రయోగశాలలోనే టెక్నీషియన్. నిధి పిల్లల్లో చదువుకుని ఆ మెట్టు ఎక్కినవాడు అతనొక్కడే. పులిహోర విస్తరి కింద పెట్టి చాలాసేపు తన చేతుల వైపే చూసుకున్నాడు.

నమోదు 3 – గురువారం

కృపావరం మా ఊరి రేవుకు వచ్చాడు. వలలు ఆరేసే గట్టు మీద కూర్చున్నాం.

"మా ప్రయోగశాలలో నా జన్యువులు చదివాను. నీవీ చదివాను. మీ తమ్ముడు పుట్టినప్పటి నమూనా ఇంకా మా దగ్గరే ఉంది, అదీ చదివాను," అన్నాడు. "రక్తం కోసం ఒకచోట దిద్దారు, బానే ఉంది. ఇంకోచోట కూడా దిద్దారు రత్నం. ముగ్గురికీ ఒకేచోట, ఒకేలాగ. ముక్కు నుంచి మెదడుకి వెళ్లే దారిని కోసేశారు."

"పొరపాటున జరగదా?"

"పొరపాటైతే ఒక్కొక్కడికి ఒక్కోలా ఉంటాది. ఇది కొలిచి కోసింది."

ఎందుకని అడగాల్సిన పని లేకపోయింది. మేం పుట్టక ముందు ప్లాంట్లలో ఎవరూ నెల కూడా నిలిచేవాళ్లు కాదట. కొత్తగా చేరినవాళ్లు ఆ కంపుకు వాంతులు చేసుకుని జీతం వదిలేసి పారిపోయేవాళ్లని నాన్న చెప్పేవాడు. మేం మాత్రం ఇరవై ఏళ్లు వచ్చేసరికల్లా అన్నం డబ్బాలు పట్టుకుని నవ్వుకుంటూ వెళ్లి చేరాం. నిధి పిల్లలు భలే ఓపికమంతులని అందరూ మెచ్చుకున్నారు. ఆయన ఖర్చుపెట్టింది మా ఆరోగ్యం కోసం కాదు. తన ప్లాంట్లలో నిలబడే మనుషుల కోసం.

అయితే వీరబాబు నిర్లక్ష్యంగా చావలేదు. వాడు పుట్టకముందే, ప్రమాదం వచ్చినా తెలియకుండా వాడిని తయారు చేశారు. తొట్టిలోకి దించింది ఆ తర్వాతే.

ఏడుపు రాలేదు. ఏడాదిగా మోస్తున్న కోపానికి ఇవాళ ఒక మనిషి ముఖం దొరికింది.

నమోదు 4 – శనివారం

అమ్మకు చెప్పాను. బియ్యం ఏరుతూ వింది. నేను చెప్పడం అయ్యాక కూడా చాట పక్కన పెట్టలేదు.

"ఆయన లేకపోతే నువ్వు లేవే," అంది చివరికి. "ఆయన లేకపోతే ఆడూ లేడు. అప్పుడు నా కడుపు ఉత్తి బూడిద. ఇప్పుడు ఆయన్ని తిట్టమంటావా, దణ్ణం పెట్టమంటావా? నాకు తెలీట్లేదు రత్నం."

"నాకు తెలుసు," అన్నాను.

తర్వాత వంటింట్లో ఏదో చప్పుడైంది. వెళ్లి చూస్తే దేవుడి అరలోంచి ఫొటో తీసి బియ్యం డబ్బా మీద బోర్లా పెట్టి ఉంది. పారేయడానికి అమ్మకు చేతులు రాలేదు. నేను తీసుకెళ్లి కాలవలో విసిరేశాను. అమ్మ చూసి, మళ్లీ చాట అందుకుంది.

నమోదు 5 – బుధవారం

కృపావరం, నేను, ఇంకో ముగ్గురం విశ్వంభరరావు గారి ఆఫీసుకు వెళ్లాం. తెల్లటి పంచె, మెత్తటి మాట. కుర్చీలు వేయించారు, కాఫీ తెప్పించారు. ఆయన ముందు నేను కూర్చోవడం అదే మొదలు. విషయం చెప్పాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "వాసన రాదా? మీ అందరికీనా? అయ్యో, ఇప్పుడే వింటున్నానమ్మా. ఆ రోజుల్లో పరిజ్ఞానం కొత్త. ఎక్కడో ఏదో పక్క ప్రభావం వచ్చి ఉంటుంది. ఎక్కడ, ఏమిటన్నది మా శాస్త్రవేత్తలకే తెలియదు, నాకేం తెలుస్తుంది?"

"మా తమ్ముడు తొట్టిలో చచ్చిపోయాడండి."

"విన్నాను. చాలా బాధపడ్డాను. కానీ అమ్మా, నిధి లేకపోతే అతను అన్నేళ్లయినా బతికేవాడా? అది కూడా ఆలోచించాలి కదా."

తాగని కాఫీ కప్పు బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను.

మెట్ల మీద కృపావరం నన్ను ఆపాడు. ముఖం పాలిపోయి ఉంది. "ఆయన కూతురు ప్రణవి గారి పిండం, ఆడపిల్లే, మా దగ్గరే ఉంది. వాళ్లింట్లోనూ ఆ రక్తదోషం ఉంది, అందుకే మా దగ్గరికి వచ్చారు. వచ్చే వారం ఆవిడ కడుపులో పెడతారు. మనకి కోసిన చోటే దానికీ కోస్తాను. ఎవరికీ తెలీదు. ఒక్క మాట చెప్పు చాలు."

నేను వెంటనే వద్దనలేదు. అది ఇక్కడ రాసుకుంటున్నాను. అతని భుజం పట్టుకుని, "రేపు చెప్తా," అన్నాను.

నమోదు 6 – గురువారం

షిఫ్టులో ఉన్నంతసేపూ అదే ఆలోచన. బొగ్గు వేస్తూ, మీట తిప్పుతూ, ఆ బిడ్డను ఊహించుకున్నాను. పెద్ద ఇంట్లో, పట్టు లంగాలో, పువ్వు ముక్కు దగ్గర పెట్టుకుని ఏమీ తెలియక చూసే బిడ్డ. మొదట సంతోషం వేసింది. ఆ సంతోషాన్ని చాలాసేపు ఉండనిచ్చాను కూడా.

తర్వాత ఒకటి అర్థమైంది. అలా చేస్తే శిక్ష పడేది ఆ బిడ్డకు. విశ్వంభరరావుకు ఏమవుతుంది? ఆయన మనవరాలికి ప్రతి గదిలో హెచ్చరిక యంత్రాలు పెట్టిస్తాడు, నలుగురు ఆయాలను పెడతాడు. అంతే. నలగాల్సింది ఆయన.

సాయంత్రం కృపావరానికి వద్దని చెప్పాను. ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించాడు. తనలో తాను చాలా భయపడి ఉంటాడు.

"మరేం చేస్తావు?" అన్నాడు.

"మనకి కోసిన చోటు ఏదో ఎవరికి తెలుసు?"

"నాకు. కోసినోళ్లకి, కోయించినోళ్లకి. అది ఎక్కడా బయట పెట్టలేదు. లోకంలో ఇంకెవరికీ తెలీదు."

"ఎక్కడో తనకు తెలీదని మన ముందు అన్నాడు కదా," అన్నాను. "తెలీదన్న మనిషి నోటితోనే అది చెప్పించాలి."

నమోదు 7 – పండుగ రోజు

మూడు నెలలు గడిచాయి. ప్రణవి గారు కడుపుతో ఉన్నారు. ఈ మూడు నెలలూ నేను సాధనకు వెళ్లాను, పాట నేర్చుకున్నాను, నవ్వమన్నప్పుడు నవ్వాను. సర్దుకుపోయానని వాళ్లు అనుకున్నారు.

ఇవాళ హాలు కిక్కిరిసిపోయింది. రెండో దశ కోసం జనం దగ్గర పెట్టుబడులు సేకరిస్తున్నారు. ఇకపై రక్తదోషాలే కాదు, పుట్టబోయే బిడ్డలకు తల్లిదండ్రులు ఏం కావాలంటే అది ఎంచుకోవచ్చని పెద్ద తెర మీద చూపించారు. పాట అయ్యాక మాలో కొందరిని ఆయనకు దండ వేయమన్నారు. నా వంతు వచ్చింది. దండ వేసి, పాదాలకు దణ్ణం పెట్టే వంకతో వంగి, లేస్తూ ఆయన చెవి దగ్గర మెల్లగా చెప్పాను.

"మీ ప్రణవమ్మ గారి బిడ్డ కూడా మాలాంటిదేనండి. మాకేం చేశారో దానికీ అదే చేశాం."

ఆయన నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. కెమెరాలు ఉన్నాయి కదా. కళ్లు మాత్రం నన్ను విడవలేదు. ఆ కళ్లలో భయం చూశాను. ఏడాది నుంచి ఆకలి అన్నది తెలియని నేను, కిందకు దిగి రెండుసార్లు అడిగి భోజనం పెట్టించుకున్నాను.

నమోదు 8 – సోమవారం

అనుకున్నది జరిగింది. కానీ నేను అనుకున్న దారిలో కాదు.

తన ప్రయోగశాలను ఆయన నమ్మలేడు, అక్కడ కృపావరం ఉన్నాడు. ఇలాంటి పరీక్ష చేయగల మరో చోటు రాజమండ్రిలో డాక్టర్ మెహరున్నీసా గారిది ఒక్కటే. ఆవిడ నిధి డబ్బు ఎన్నడూ ముట్టుకోని మనిషి. ఆయన అక్కడికే వెళ్లక తప్పదని నేను ముందే లెక్కేసుకున్నాను. మాకు కోసిన చోటు ఆయనకెలా తెలుసని ఆవిడ అనుమానపడితే చాలనుకున్నాను. కానీ ప్రశ్న అడిగింది ఆవిడ కాదు.

ఇవాళ మధ్యాహ్నం ప్రణవి గారు మా ఇంటికి వచ్చారు. ఒక్కరే, పంటు ఎక్కి, చేతులు అడ్డం పెట్టి కడుపును కాచుకుంటూ. అమ్మ చాప వేసింది.

"నన్ను పరీక్షకి తీసుకెళ్లారు మా నాన్న," అని మొదలుపెట్టారావిడ. "మామూలు పరీక్షే అన్నారు. లోపల డాక్టరు గారు అన్నీ చూస్తానంటే, అన్నీ అక్కర్లేదు, ఇదిగో ఈ ఒక్క చోటు చూడండి అని చెప్పారు. ఆ చోటుకి ఉన్న పొడవాటి గుర్తు సంఖ్య మొత్తం కంఠతా చెప్పారు. నేను పక్కనే ఉన్నాను. 'ఆ చోటేంటి నాన్నా?' అన్నాను. మాట మార్చారు. డాక్టరు గారు చూసి చెప్పారు, వాసనకి సంబంధించిందని."

అమ్మ మంచినీళ్ల గ్లాసు ఆవిడ ముందు పెట్టింది.

"వాసన రాదని చెప్పడానికి మీరు ఆఫీసుకి వచ్చారని అప్పుడే విన్నాను. అది పొరపాటని మా నాన్న ఇంట్లో అందరికీ చెప్పారు. నేను నమ్మాను. కార్లో నిలదీస్తే, దండ వేస్తూ మీరు అన్నదీ చెప్పారు, తను చేయించిందీ ఒప్పుకున్నారు. పనివాళ్లు నిలబడట్లేదు, అందుకే చేయించాను, వాళ్లకి రోగం తీసేశాను కదా, దానికి బదులు అన్నారు. బదులట!"

"మీ బిడ్డ?" అని అడిగింది అమ్మ. నేను అడగలేకపోయాను.

"పరీక్షలో ఏమీ లేదండి. బానే ఉంది." నా వైపు తిరిగారు. "మీరు ఏమీ చెయ్యలేదు కదా? చేశామని ఊరికే అన్నారు."

"చెయ్యలేదు. మీ నాన్నగారి నోటితో చెప్పించాలని అన్నాను. మీరు భయపడతారని నాకు తెలుసు. అయినా అన్నాను."

ఆవిడ ఏడ్చారు. నేను ఆవిడని ఓదార్చలేదు, అమ్మే దగ్గరికి తీసుకుంది. నాకు ఆవిడ మీద కోపం లేదు. ఓదార్చే చోటు నాలో ఖాళీగా లేదు, అంతే.

పంటు ఎక్కబోతూ ఆవిడ అడిగారు. "విచారణ మళ్లీ తెరిపించండి, నేను విన్నదంతా అక్కడ చెప్తాను. తర్వాత మా నాన్నని క్షమించమంటారా? మీరే చెప్పండి. మీరేం చెప్తే అది చేస్తాను."

"వద్దు," అన్నాను.

నమోదు 9 – శుక్రవారం

మళ్లీ తెరిచిన విచారణ మూడు నెలలు నడిచి ముగిసింది. ప్రణవి గారు చెప్పారు. డాక్టరు గారిని పిలిపిస్తే ఆవిడా ఆ చోటు పేరు ఎవరు చెప్పారో చెప్పారు. మొదట కోసిన శాస్త్రవేత్తల్లో ఒకాయన ఇప్పుడు పడక మీద ఉన్నాడు, ఆయనా నోరు విప్పాడు. ప్లాంట్లు, నిధి, ఆస్తి, అన్నీ విశ్వంభరరావు చేతుల్లోంచి తీసి ఒక కొత్త సంఘం కింద పెట్టారు. కేసు నడుస్తుంది. ఆయన బెయిలు మీద ఉన్నారు. వీరబాబు పేరు ముందున్న నిర్లక్ష్యం అన్న మాట కొట్టేశారు.

ప్రయోగశాలను కూడా మూసేస్తారనుకున్నాను. మూసేయాలని కోరుకున్నాను, తగలబెట్టేయాలని కూడా. ఇవాళ గేటు దగ్గరికి వెళితే అక్కడ పదీ పదిహేను జంటలు నిలబడి ఉన్నాయి. వీళ్లెవరూ నిధి పిల్లలు కారు. ఒక బక్కపిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, మా పిండం లోపలుంది. మా మొదటి బిడ్డ రక్తం ఎక్కించుకుంటూనే పోయింది. మీకు న్యాయం జరగాలి, కాదనను. కానీ మా బిడ్డ సంగతేంటక్కా?"

మా అమ్మ ముప్పై ఏళ్ల కిందట ఇదే గేటు దగ్గర ఇలాగే నిలబడి ఉంటుంది.

సాయంత్రం నిధి కొత్త సంఘంలో మాట్లాడమన్నారు. కృపావరం నా పక్కనే కూర్చున్నాడు. పని ఆపొద్దని చెప్పాను. విశ్వంభరరావు ఆస్తి మొత్తం దాని ఖర్చుకే పోవాలని చెప్పాను. పిండంలో ఎక్కడ ముట్టుకున్నారో ప్రతి తల్లికీ నోటితో చదివి వినిపించాలని, డబ్బు పెట్టినవాడికి పిండం జోలికి వెళ్లే హక్కు ఉండకూడదని చెప్పాను. చేతులెత్తారు. ఒప్పుకున్నారు. ఆయన డబ్బు ఇకపై ఆయనకు ముఖం కూడా తెలియని పిల్లల కోసం కరిగిపోతుంది. ఆ ఆలోచన నాకు చల్లగా ఉంది.

నమోదు 10 – ఆదివారం

విశ్వంభరరావు మా ఇంటికి వచ్చారు.

వాన పడుతోంది. గుమ్మంలో నిలబడ్డారు. పంచె మోకాళ్ల దాకా తడిసి ఉంది. అమ్మ అలవాటు కొద్దీ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగి గ్లాసు చేతిలోనే పట్టుకుని నిలబడ్డారు.

"అమ్మాయి నాతో మాట్లాడటం లేదు," అన్నారు. "ఫోనెత్తదు. ఇంటికెళితే తలుపు తియ్యదు. పురుటికి కూడా రావద్దని కబురు పంపింది. ప్లాంట్లు, ఆస్తి, పరువు, అన్నీ పోయాయి, పోనీ. నాకు అదొక్కతే ఉందమ్మా. నీ మాట వింటుంది. ఒక్క మాట చెప్పు."

"మీ అమ్మాయి గారు నన్ను అడిగారండి, మీ నాన్నని క్షమించమంటారా అని," అన్నాను. "వద్దన్నాను."

ఆయన చేతిలోని గ్లాసు పట్టుతప్పి అరుగు మీద దొర్లింది. నేను వంగి తీసుకున్నాను. లోపల జాలి ఏమైనా ఉందేమోనని నిజంగానే వెతుక్కున్నాను. దొరకలేదు.

"ఇంకా ఏం కావాలి నీకు?" అని అడిగారు. ఆ గొంతు ఒక్కసారిగా ముసలిదైపోయింది. "జైలుకి పోతాను. చచ్చిపోతాను. చాలా?"

అమ్మ వెనక నుంచి నా భుజం మీద చెయ్యి వేసింది. ఆపడానికో, అనమనడానికో నాకు తెలియలేదు.

"అయ్యో, అలా అనకండి," అన్నాను. "మీ మనవరాలు పుట్టాలి. నడవాలి. పువ్వు తెంపి వాసన చూసి నవ్వాలి. అదంతా మీరు దూరం నుంచి వినాలి. నిండు నూరేళ్లూ బతకండి బాబుగారూ."

తలుపు వేశాను.